ఆఖరి ట్రిప్పు ఎన్నింటికి?

2025 ఆగస్టు 16, శనివారం

నిన్న సాయంత్రం నుంచి రాష్ట్రంలో ఆడవాళ్ళకు ఆర్టీసీ ప్రయాణం ఉచితం. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆధారో, ఓటరు కార్డో, రేషన్ కార్డో చూపిస్తే చాలు, సున్నా రూపాయలని అచ్చయిన టికెట్టు చేతికొస్తుంది. తమిళనాడులో 2021లో, కర్ణాటకలో 2023 జూన్‌లో, తెలంగాణలో అదే ఏడాది డిసెంబరులో మొదలైంది. మన వంతు ఇప్పటికి వచ్చింది.

కృష్ణాష్టమి సెలవు కదా, గుంటూరులో అక్కయ్యను చూసి వద్దామని బయల్దేరాను. సత్తెనపల్లి బస్టాండు నిండా ఆడవాళ్ళే. కంటి పరీక్షకు పోయే అవ్వ, కాన్పయిన చెల్లెల్ని చూడబోయే అక్క, పెదకాకాని మొక్కు ఎన్నాళ్ళుగానో వాయిదా వేసుకున్న ఇద్దరు తోడికోడళ్ళు. ఛార్జీలు దండగ అనుకున్నప్పుడు ఆడది ముందుగా మానుకునేది తన పనే. ఇంట్లో మగవాడి ప్రయాణం ఆగదు, పిల్లల ఫీజు ఆగదు. తన పన్ను నొప్పి ఆగుతుంది, తన పుట్టింటి చూపు ఆగుతుంది. ఆ ఆగినవన్నీ ఇవాళ బస్టాండుకు వచ్చాయి.

మేడికొండూరు దాటాక కండక్టరు మా సీటు దగ్గరికి వచ్చాడు. నా పక్కన కూర్చున్న పెద్దావిడ టికెట్టు తీసుకుని నాలుగు మడతలు పెట్టి రొంటిన దోపుకుంది.

"సున్నా టికెట్టే గదా పిన్నీ, అంత జాగ్రత్తెందుకు?" అన్నాను.

"డబ్బులియ్యకపోయినా కాయితం ఇచ్చాడుగా అమ్మా. అది నా లెక్క."

తర్వాత చాలాసేపు కిటికీలోంచి పత్తి చేలు చూస్తూ కూర్చుంది. పేరేచర్ల వస్తుండగా నా వైపు తిరిగి, "పోటానికి కర్చు లేదు, బానే ఉంది. సందేళ ఎనక్కి రావటానికి మా ఊరికి బస్సేదమ్మా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి ఈ పుస్తకం తెరవటానికి ఆ మాటే కారణం.

సెప్టెంబరు 3, బుధవారం

ఎనిమిదో తరగతి పిల్లాడొకడు అడిగాడు: "టీచర్, గుంటూరులో సిటీ బస్సు ఉంటదంట, మన సత్తెనపల్లికి ఎందుకు లేదు?" సాంఘికశాస్త్రం చెప్పేవాళ్ళకు ఇంతకంటే మంచి ప్రశ్న దొరకదు. వాడికి చెప్పింది కొంత, చెప్పకుండా మిగిలింది ఇక్కడ.

ఊరే బస్సులు నడుపుకునే పద్ధతి మన దేశంలో కొన్నిచోట్ల ఉంది. బొంబాయిలో 1926 జులైలో బస్సులు మొదలయ్యాయి, 1947 ఆగస్టులో ఆ సంస్థను కార్పొరేషను తన చేతిలోకి తీసుకుంది. అదే బెస్ట్. అహ్మదాబాదు కార్పొరేషను 1947 ఏప్రిల్‌లో సొంత బస్సులు వేసుకుంది. తెలుగునాట కథ వేరు. నిజాం ప్రభుత్వం 1932లో రైల్వే శాఖ కిందే 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. మన వైపు మద్రాసు రాష్ట్రంలో ప్రైవేటు బస్సులు తిరిగేవి. యుద్ధకాలంలో పెట్రోలు లేక బొగ్గు గ్యాసుతో నడిచిన బస్సుల గురించి మా నాన్న చెప్పేవారు, ఎత్తు వచ్చినచోట జనం దిగి తోసేవారట. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1958 జనవరి 11న ఆర్టీసీ పుట్టింది. కాబట్టి మనకు ఊరి బస్సు అంటే రాష్ట్రం బస్సే, దాన్ని నడిపేది డిపో.

2011 లెక్కల్లో సత్తెనపల్లి జనాభా 56 వేల పైచిలుకు. కేంద్రం 2023 ఆగస్టులో ప్రకటించిన పీఎం ఈ-బస్ సేవ పదివేల విద్యుత్ బస్సులకు ఉద్దేశించింది, కానీ ప్రధానంగా మూడు లక్షల జనాభా దాటిన ఊళ్ళకే. గుంటూరు అందులో ఉంది. మనం ఉండం. ఇందులో నాకు పెద్ద బాధ లేదు. సత్తెనపల్లిలో ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి వెళ్ళొచ్చు. మనకు కావాల్సింది ఊళ్ళో తిరిగే బస్సు కాదు, ఊరికి వచ్చిపోయే బస్సు. క్రోసూరు నుంచి, అచ్చంపేట నుంచి, ముప్పాళ్ళ నుంచి, రాజుపాలెం నుంచి, వాటి మధ్యనున్న పల్లెలన్నిటి నుంచి జనం ఇక్కడికొచ్చి కదా కాలేజీకి, కోర్టుకు, బజారుకు పోయేది. ఆ పల్లెలన్నీ కలిపితే మనదీ నగరమే, ఇళ్ళ మధ్య చేలు ఉన్నాయి, అంతే. పల్లెవెలుగే మన సిటీ బస్సు.

2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా వచ్చాక కలెక్టరు ఆఫీసు నరసరావుపేటకు మారింది. పెద్దాసుపత్రికీ, మిర్చి యార్డుకీ మాత్రం ఇంకా గుంటూరే. అర్జీకి ఒక దిక్కు, జబ్బుకు ఒక దిక్కు. అమరావతి పనులు మళ్ళీ మొదలయ్యాక కూలికి మూడో దిక్కు కూడా తోడైంది. ఈ మూడు దిక్కులకూ సత్తెనపల్లి బస్టాండులో బస్సు మారాలి. పల్లె నుంచి వచ్చే మొదటి బస్సు ఆలస్యమైతే ఆ రోజు పని పోయినట్టే.

అక్టోబరు 5, ఆదివారం

నిన్న విజయవాడలో 'ఆటో డ్రైవర్ల సేవలో' కార్యక్రమం జరిగింది. డ్రైవరుకు పదిహేను వేల చొప్పున ఖాతాలో వేశారు. మా వీధి చివరింటి అబ్బాయికి కూడా పడింది. అతను సత్తెనపల్లి నుంచి ఒక పల్లెకు షేర్ ఆటో తిప్పుతాడు.

పొద్దున పాల ప్యాకెట్టుకు పోయినప్పుడు పలకరించాను.

"సంతోషమేగా బాబూ?"

"సంతోషమే టీచరమ్మా. వాయిదాలకు సరిపోయినయ్. కానీ పొద్దుటిపూట ఆడోళ్ళు ఎక్కటంలా. రాత్రిపూట మాత్రం బస్సు ఉండదుగా, అప్పుడు నేనే దిక్కు. పదిమందిని ఎక్కించక తప్పదు, లేకపోతే డీజిలు రాదు."

ఆ అబ్బాయి మాటలో కోపం లేదు, లెక్క ఉంది. బస్సు ఉన్న వేళ అతనికి జనం లేరు, బస్సు లేని వేళ ఒకే ఆటోలో పట్టనంత జనం. ఇద్దరినీ పోటీదారులుగా చూసే మాట నాకు నచ్చదు. మెయిన్ రోడ్డు మీద బస్సు, స్టేజీ దగ్గర దిగాక లోపలి పల్లెకు ఆటో, ఇలా పంచుకుంటే ఇద్దరూ బతుకుతారు. దానికి బస్సు ఎన్నింటికి స్టేజీకి వస్తుందో ఆటో అబ్బాయికి తెలియాలి. ప్రతి స్టేజీలో ఒక గోడ మీద నాలుగు వేళలు రంగుతో రాయిస్తే చాలు. ఇంత చవకైన పని ఎవరూ చేపట్టకపోవటం నన్ను నిజంగా బాధపెడుతుంది.

అక్టోబరు 30, గురువారం

మొంథా తుపాను మొన్న రాత్రి తీరం దాటింది. చేలల్లో విచ్చిన పత్తి తడిసి నల్లబడింది. వాగుల మీది చప్టాలు మునిగినచోట బస్సులు వెళ్ళలేదు, అది సబబే. నీళ్ళలో బస్సు దింపని డ్రైవరుకు దండం పెట్టాలి. ఇవాళ మధ్యాహ్నం మా బడి ఊరికి బస్సు వచ్చింది. చూసి ఊళ్ళో వాళ్ళు ముందడిగింది కరెంటు గురించి కాదు. "బస్సొచ్చింది, అంటే రోడ్డు బానే ఉందన్నమాట" అనుకున్నారు. మిగతా కబుర్లన్నీ ఆ తర్వాత.

నవంబరు 18, మంగళవారం

పదో తరగతికి సాయంత్రం అదనపు క్లాసులు మొదలయ్యాయి. బడి ఉన్న ఊరి పిల్లలు ఉంటున్నారు. పక్క పల్లె నుంచి వచ్చే ఆడపిల్లలు నాలుగున్నరకే పుస్తకాలు సర్దుకుంటున్నారు. ఆ బస్సు పోతే తర్వాతది చీకటి పడ్డాకే, ఒక్కోరోజు అదీ ఉండదు. లెక్కల మాస్టారు కష్టమైన పాఠాలు ఆ గంటలోనే చెబుతారు, ఆయనకు వేరే గంట లేదు.

వాళ్ళల్లో ఒకమ్మాయి చాలా చురుకైనది. పేరు రాయను. దానికి పాస్ ఉంది. బడికెళ్ళే ఆడపిల్లలకు పాస్ ఇప్పుడు కాదు, ఎప్పటినుంచో ఉచితమే. అంటే డబ్బు ఏనాడూ దాని అడ్డంకి కాదు. వేళే అడ్డంకి. ఈ మూడు నెలల్లో ఉచితం మీద ఎంత చర్చ జరిగిందో! వద్దన్నవాళ్ళూ కావాలన్నవాళ్ళూ టికెట్టు ధర చుట్టూనే తిరిగారు. పదిహేనేళ్ళ పిల్ల నాలుగున్నరకే ఎందుకు లేచిపోతోందో ఎవరూ అడగలేదు. టికెట్టు సున్నా అయినా, ట్రిప్పు కూడా సున్నా అయితే ఆ పథకం ఆ పిల్ల దాకా రానట్టే.

వాళ్ళమ్మ ఇవాళ బడికొచ్చింది. చేతుల నిండా పత్తి కాయల గీతలు.

"టీచరమ్మా, దాన్ని ఉంచుకోండి. రాత్రికి వాళ్ళ నాన బండేసుకుని వస్తాడు" అంది.

"రోజూ రాగలడా?"

కాసేపు మాట్లాడలేదు. "తీతలు అయిందాకా కష్టం" అంది.

మేం టీచర్లం మాట్లాడుకుని కష్టమైన పాఠాలను పొద్దున బడికి ముందు గంటకు మార్చాం. పిల్లలు మొదటి బస్సుకు వస్తారు. ఆ మొదటి బస్సు ఎందుకు అంత నమ్మకంగా వస్తుందో చెప్పాలి. అది నైట్ హాల్ట్ సర్వీసు. రాత్రి ఆఖరి ట్రిప్పుగా లోపలి పల్లెకు పోయి, డ్రైవరూ కండక్టరూ అక్కడే పడుకుని, తెల్లారుజామున పాల క్యాన్లతో, ఆకుకూరల గంపలతో, బడిపిల్లలతో బయల్దేరుతుంది. ఆర్టీసీ పల్లెకు చేసిన పనుల్లో దీనికి మించింది నాకు కనిపించదు. ఒక్క బస్సు రాత్రి ఊళ్ళో ఉంటే, ఆఖరి మనిషి ఇల్లు చేరటం, మొదటి మనిషి ఇల్లు కదలటం రెండూ సాధ్యమవుతాయి. ఇలాంటి బస్సు పల్నాడులో ప్రతి దారికీ ఒకటి ఉండి తీరాలి.

2026 జనవరి 11, ఆదివారం

ఆర్టీసీ పుట్టినరోజు. పండగ సెలవులకు ఊళ్ళకు వచ్చేవాళ్ళతో బస్టాండు కిక్కిరిసింది. హైదరాబాదు బస్సులు దిగినవాళ్ళు పల్లెవెలుగుల కోసం చూస్తున్నారు. రిటైరైన కండక్టరొకాయన, మా పెదనాన్నగారి వరస, మనవడి కోసం వచ్చి బెంచీ మీద కూర్చున్నారు. ఆయన్ని అడగాల్సినవన్నీ ఇవాళ అడిగాను.

"డిపో గోడ మీద మూడు అంకెలు ఎప్పుడూ ఉంటాయమ్మా. కేఎంపీఎల్ అంటే లీటరుకు ఎన్ని కిలోమీటర్లు. ఈపీకే అంటే కిలోమీటరుకు ఎంత రాబడి. ఓఆర్ అంటే సీట్లెన్ని నిండాయి. మేనేజరు ఏ ఊరివాడైనా ఈ మూడింటికీ జవాబు చెప్పుకోవాలి."

"మరి రాత్రి ట్రిప్పు?"

"పోయేటప్పుడు నిండుగా పోయిద్ది. నడిమధ్య స్టేజీల్లో అందరూ దిగిపోతారు, చివరి ఊరికి పదిమంది మిగులుతారు. లెక్కలో అది తక్కువే. కానీ ఆ పదిమందిని దింపకపోతే రేపు పొద్దున వాళ్ళు ఎక్కరు."

ఈ చిక్కు చట్టంలోనే ఉంది. 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం 18వ సెక్షను ప్రజలకు సరిపడినంత, సమర్థమైన, పొదుపైన బస్సు సౌకర్యం కల్పించటం సంస్థ బాధ్యత అంటుంది. 22వ సెక్షను వ్యాపార సూత్రాల మీద నడవాలంటుంది. రెండూ ఒకే చట్టం, ఒకే బస్సు. 2020 జనవరి 1 నుంచి సిబ్బంది ప్రభుత్వోద్యోగులయ్యారు, వాళ్ళ జీతాల బరువు ప్రభుత్వం ఎత్తుకుంది. ఇప్పుడు ఆడవాళ్ళ టికెట్టు సొమ్ము కూడా ప్రభుత్వమే భరించాలి. ఇంత మారాక కూడా పల్లె ట్రిప్పును 22వ సెక్షను కళ్ళతోనే చూడటం తప్పని నా గట్టి అభిప్రాయం. 18వ సెక్షను ముందు రావాలి.

ఒక పాత కేసు కూడా గుర్తొచ్చింది. ఆర్టీసీ పుట్టిన ఏడాదే కృష్ణా జిల్లా బస్సు రూట్లను ప్రభుత్వపరం చేసే స్కీము మీద ప్రైవేటు బస్సుల యజమానులు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. గుళ్ళపల్లి నాగేశ్వరరావు కేసు. అభ్యంతరాలు విన్నది శాఖ కార్యదర్శి, ఆమోదించింది ముఖ్యమంత్రి. విన్నదొకరు, నిర్ణయించిందొకరు అయితే అది విచారణ కాదని కోర్టు ఆ స్కీమును కొట్టేసింది. తీర్పు రాసింది మన తెలుగువాడే, జస్టిస్ కోకా సుబ్బారావు. ఆ తీర్పు బస్సు యజమానులకు మేలు చేసింది. ప్రయాణికులకూ అదే న్యాయం కావాలి. పల్లెలో జనం గోడు రోజూ వినేది కండక్టరు, ట్రిప్పు వేసేదీ తీసేదీ వేరొకరు. పెదనాన్నగారు అదే అన్నారు: "చెయ్యెత్తిన చోట బస్సు ఆపటం మా చేతిలో ఉంది. ట్రిప్పు పెంచటం మా చేతిలో లేదు." నిర్ణయించేవాళ్ళు ఏడాదికి కొన్ని రాత్రులైనా ఆఖరి బస్సెక్కి చివరి ఊరి దాకా పోవాలి.

1958లో మన శాసనసభ్యుడు వావిలాల గోపాలకృష్ణయ్యగారు. ఆ తర్వాత అధికార భాషా సంఘం మొదటి అధ్యక్షుడు కూడా ఆయనే. చదువు అంతగా రాని అవ్వ బస్సు ముందు బోర్డు మీద తన ఊరి పేరు తెలుగులో కూడబలుక్కుని చదువుకుంటుంటే ఆయన్ని తలుచుకుంటాను.

ఫిబ్రవరి 9, సోమవారం

మిరగాయ కోతలు ముమ్మరంగా సాగుతున్నాయి. కల్లాలన్నీ ఎర్రగా ఉన్నాయి. గుంటూరు యార్డుకు టిక్కీల లారీలు రాత్రంతా పోతున్నాయి. ముఠాల ఆడవాళ్ళు తెల్లవారకముందే ట్రాక్టరు తొట్లలో, ఆటోల్లో చేలకు పోతున్నారు.

నిరుడు సరిగ్గా ఈ రోజుల్లోనే ముప్పాళ్ళ మండలంలో మిరప కోతకు పోయి తిరిగొస్తున్న ట్రాక్టరు బోల్తా పడి నలుగురు ఆడవాళ్ళు పోయారు. 2020 మే నెలలో ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలంలో మిరప కూలీల ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని గుద్దుకుంది, అప్పుడూ ప్రాణాలు పోయాయి. చేను గట్టు దాకా బస్సు రాదు, నిజమే. కానీ కూలీలు పొరుగూరికి పోయే దారిలో సగానికి పైగా బస్సు తిరగగల తారురోడ్డే. ఆ మేరకైనా తొట్టి ప్రయాణం తప్పించొచ్చు.

కుదరదన్నవాళ్ళకు నా జవాబు కోటప్పకొండ. వచ్చే ఆదివారం శివరాత్రి. తిరునాళ్ళకు ఆర్టీసీ ఏటా ప్రత్యేక బస్సులు వేస్తుంది, ఎక్కడెక్కడి డిపోల నుంచో తెప్పిస్తుంది, సిబ్బంది రాత్రంతా నిద్ర లేకుండా నడుపుతారు. ఎంత జనమైనా కొండకు చేరి ఇంటికి తిరిగొస్తారు. కార్తీకమాసంలో అమరావతికీ, సంక్రాంతికి హైదరాబాదుకూ ఇదే పద్ధతి. పండక్కి ప్రత్యేక సర్వీసు వేయగలిగిన సంస్థ పంటకు వేయలేదా? జనవరి నుంచి మార్చి దాకా పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి కోతల సర్వీసు వేయాలి. అలా అడగటం గొంతెమ్మ కోరిక కాదు.

ఈ ఏడాది మన చేతిలో ఒక కొత్త ఆధారం ఉంది. ఇంతకుముందు ఆడవాళ్ళు ఆటోల్లో పోతే డిపో పుస్తకాల్లో వాళ్ళు లేరు. ఇప్పుడు సున్నా టికెట్టు కొట్టిన ప్రతిసారీ ఏ స్టేజీలో ఎక్కారో, ఎక్కడికి పోతున్నారో మెషిన్‌లో పడుతోంది. ఆ రోజు పిన్ని అన్న మాట నిజం, ఆ కాయితం ఆమె లెక్కే. అయితే మెషిన్‌కు తెలియనిది కూడా ఉంది. బస్సు లేని వేళ నిలబడ్డవాళ్ళకు టికెట్టు ఉండదు. వాళ్ళను మనమే లెక్కపెట్టి రాయాలి.

ఇవాళ మా బడి ఊళ్ళో తల్లుల కమిటీకి అర్జీ రాసిపెట్టాను. సాయంత్రం ఆరు తర్వాత స్టేజీలో ఎందరు నిలబడుతున్నారు, ఎక్కడి నుంచి వచ్చారు, ఏ పని మీద, వారం రోజులు రాయమన్నాను. కింద సంతకాలు, సర్పంచి తీర్మానం. ఒక కాపీ డిపో మేనేజరుగారికి, ఒకటి సోమవారం కలెక్టరాఫీసు గ్రీవెన్సుకు. 'డయల్ యువర్ డీఎం' పెట్టిన రోజు ఫోను చేసి మర్యాదగా, వేళతో సహా అడగమన్నాను.

మిగతా ఊళ్ళకు కూడా ఈ నకళ్ళు ఇస్తాను. నా తర్వాత ఈ పుస్తకం ఎవరి చేతికైనా వస్తే వాళ్ళకూ ఇదే మనవి. మీ ఊరి ఆఖరి బస్సు ఎన్నింటికో కనుక్కోండి. ఆస్పత్రి, బడి, కోత పని ముగిసే వేళకు అది లేకపోతే, పదిమంది సంతకాలు పెట్టి రాత్రి ట్రిప్పు, నైట్ హాల్ట్ అడగండి. ఇచ్చిందాకా అడగండి.